నెయ్యి డబ్బాలో యాభై ఓములు

మా సూర్యాపేటలో టీవీలు బాగుచేసే షాపులో 15 రూపాయలు పెట్టి కొన్న తెల్ల సిమెంట్ రెసిస్టర్ ఒకటి నన్ను పది రోజులు తిప్పలు పెట్టింది. దాని మీద 10 వాట్లు, 47 ఓములు అని నల్ల అక్షరాలతో స్పష్టంగా అచ్చేసి ఉంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే 47.2 చూపించింది. నా రేడియో సెట్టుని పరీక్షించడానికి డమ్మీ లోడ్ అనేదొకటి కట్టాలి, దానికి కావలసింది 50 ఓములు. ఈ మూడు ఓముల తేడా లెక్కలోకి రాదులే, పని అయిపోయింది అనుకున్నా.

అప్పటికి హ్యామ్ రేడియో, అంటే సరదాకి సొంత సెట్టుతో రేడియోలో మాట్లాడుకునే హాబీ, దాని లైసెన్స్ చేతికొచ్చి మూడు నెలలు. సెట్టు కూడా కొనుక్కున్నా, మైక్రో బిట్‌ఎక్స్. హైదరాబాద్ వాసి అష్హర్ ఫర్హాన్, హ్యాములకు వీయూ2ఈఎస్‌ఈ అనే కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే గుర్తింపు పేరు) చెబితే చటుక్కున తెలుస్తుంది, ఆయన తయారుచేసి 2017 చివర్లో బయటికి తెచ్చిన సెట్ అది. అంతకుముందు ఆయన ఇచ్చిన మొదటి బిట్‌ఎక్స్ డిజైన్‌లో కాయిల్స్ చుట్టుకోవడానికి కుళాయిలకు వేసే వాషర్లు వాడారు. చుట్టుపక్కల దొరికే సామానుతో రేడియో కట్టుకోవచ్చని చూపించిన మనిషి. ఆ కథ చదివినందువల్లేమో, డమ్మీ లోడ్ కూడా దొరికినదానితో చేసేయొచ్చని నాకు ధీమా కాస్త ఎక్కువైంది.

ఈ సంగతి తెలియని కొత్తవాళ్ళ కోసం ఒక మాట. ట్రాన్స్‌మిటర్ నుంచి వచ్చే పవర్ ఎక్కడికో ఒకచోటికి పోవాలి. ఏరియల్ ఉంటే ఆకాశంలోకి పోతుంది. ఏరియల్ తగిలించకుండా కీ (సెట్టు నుంచి పవర్ పంపే మీట) నొక్కితే అది వెనక్కి తిరిగి సెట్టు చివర ఉన్న ట్రాన్సిస్టర్ల మీదే పడుతుంది. నా సెట్టులో ఆ చివర ఉండే ట్రాన్సిస్టర్లు రెండు ఐఆర్ఎఫ్510 మాస్‌ఫెట్లు. చవకవే, కానీ మార్చాలంటే బోర్డు విప్పాలి, పాత టంకం తీయాలి, అదో పెద్ద తద్దినం. డమ్మీ లోడ్ అంటే వచ్చిన పవర్‌నంతా మింగి వేడిగా మార్చేసే 50 ఓముల రెసిస్టర్, అంతే. పవర్ ఎంతొస్తుందో కొలవాలన్నా, సెట్టు సర్దుకోవాలన్నా అదే దిక్కు. ఏరియల్ మీదే ఆ పనులన్నీ చేస్తే బ్యాండ్‌లో మాట్లాడుకుంటున్నవాళ్ళ చెవుల్లో ఈల వేసినట్టే. నాకైతే అసలు ఏరియల్ కూడా లేదు అప్పటికి. ముసురు పట్టి డాబా మీద బొంగు నిలబెట్టే వీలు లేకపోయింది.

సిమెంట్ రెసిస్టర్‌ని కేబుల్‌కి అతికించి, మధ్యలో సెకండ్‌హ్యాండ్ ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ పెట్టి, 7 మెగాహెర్ట్జ్ మీద కీ నొక్కా. సెట్టుకీ లోడ్‌కీ ఎంత పొసిగిందో చెప్పే మీటర్ అది, సరిగ్గా పొసిగితే ఒకటి, తేడా పెరిగేకొద్దీ పైకి. ముల్లు మూడున్నర దగ్గర నిలబడింది. నిజంగా 47 ఓములే అయితే 1.1 కూడా దాటకూడదు. కేబుల్ మార్చా. కనెక్టర్ కోసేసి మళ్ళీ టంకం వేశా. మీటర్ పాడైందేమో అనుకున్నా, తర్వాత సెట్టే పాడైందేమో అనుకున్నా. ఆ రెండో అనుమానంతోనే నిద్ర పట్టలేదు. ఇంట్లో చెప్పకుండా కొన్న సెట్ మరి.

నాలుగో రోజు విసుగొచ్చి బ్యాండ్లన్నీ వరసగా తిప్పి ఒక కాగితం మీద రాసుకున్నా. 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర రెండుకి కాస్త తక్కువ. 7 దగ్గర మూడున్నర. 14 దగ్గర ముల్లు దాదాపు చివరికి. కాగితం మీద చూస్తే గానీ వెలగలేదు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ జబ్బు ముదురుతోంది. సెట్టు పాడైతే ఇంత పద్ధతిగా పాడవదు.

మా దగ్గర పాత హ్యామ్ ఒకాయన ఉన్నారు. పోలీసు వైర్‌లెస్‌లో పనిచేసి రిటైరయ్యారు. నన్ను ఈ రొంపిలోకి దింపింది ఆయనే. ఫోన్ చేసి అంకెలు చదివితే మొత్తం వినకుండానే, "ఆ రెసిస్టర్‌ని సుత్తి పెట్టి పగలగొట్టి, లోపల ఏముందో చూసి మళ్ళీ ఫోన్ చెయ్యి" అన్నారు.

గడప మీద పెట్టి రెండు దెబ్బలు వేశా. తెల్ల పెంకు రాలిపోయింది. లోపల సన్నటి కడ్డీ, దాని చుట్టూ ఒద్దికగా చుట్టిన తీగ. సుమారు నలభై చుట్లు. నేను రెసిస్టర్ అనుకుని కొన్నది ఒక కాయిల్!

పరీక్షకి చదివిన ఫార్ములాలు మొదటిసారి చేతికి తగిలాయి. కడ్డీ 5 మిల్లీమీటర్ల లావు, చుట్టు పొడవు 25 మిల్లీమీటర్లు, నలభై చుట్లు అంటే ఇండక్టెన్స్ (కాయిల్ బలం) సుమారు ఒకటిన్నర మైక్రోహెన్రీలు. 7 మెగాహెర్ట్జ్ దగ్గర దాని అడ్డం, అంటే మారే కరెంటుకి అది పెట్టే అడ్డంకి, 66 ఓములు. అంటే నేను సెట్టుకి తగిలించింది 47 ఓముల రెసిస్టర్‌ని కాదు, 47 ఓములు ప్లస్ దానికంటే పెద్ద కాయిల్‌ని. ఈ రెండింటికీ ఎస్‌డబ్ల్యూఆర్ లెక్క కడితే 3.6 వచ్చింది. ముల్లు అబద్ధం చెప్పలేదు. మల్టీమీటర్ కూడా అబద్ధం చెప్పలేదు, అది బ్యాటరీ కరెంటుతో కొలుస్తుంది, ఆ కరెంటుకి కాయిల్ కనిపించదు. సిమెంట్‌వన్నీ ఇంతేనా అని ఆయనకి మళ్ళీ ఫోన్ చేసి అడిగితే ఎక్కువ విలువ ఉన్నవాటిలో తీగ బదులు ఆక్సైడ్ పూత పెట్టడం కూడా ఉంటుందని, మనకు పనికొచ్చే తక్కువ ఓముల వాటిలో మాత్రం తీగే ఉంటుందని చెప్పారు. పైన చూస్తే రెండూ ఒకే తెల్ల ఇటుక.

"మరి మీ రోజుల్లో ఏం చేసేవాళ్ళు సార్?" అంటే, "బల్బు పెట్టేవాళ్ళం. వెలిగితే పవర్ వస్తున్నట్టు" అన్నారు. స్టోర్ రూములో పాత 60 వాట్ల బల్బు ఒకటి దొరికింది. మీటర్ పెడితే 66 ఓములు! ఎగిరి గంతేసినంత పనిచేసి మళ్ళీ ఫోన్ చేశా. ఆయన నవ్వి, "వెలుగుతున్నప్పుడు ఎంతుంటుందో కట్టి చూడు" అన్నారు. 230 వోల్టులు, 60 వాట్లు అంటే దాదాపు 880 ఓములు. చల్లగా ఉన్నప్పుడు 66, పూర్తిగా వెలిగేసరికి 880, మధ్యలో మనం ఎంత పవర్ పంపితే అంతకు తగ్గట్టు ఇంకేదో. కొలతకి అది తూకం మారే తక్కెడ లాంటిది. పైగా అంతో ఇంతో గాల్లోకి కూడా వదులుతుందట.

ఆదివారం ఆయన ఇంటికే వెళ్ళా. పాత బిస్కెట్ డబ్బాలో గోధుమరంగు కార్బన్ కంపోజిషన్ రెసిస్టర్లు ఓ పిడికెడు తీసి చూపించారు. వీటిలో తీగ చుట్టడం లేదు, గాడి కోయడం లేదు, మొత్తం ఒకే కార్బన్ కడ్డీ. రేడియో ఫ్రీక్వెన్సీకి మంచివి. కానీ తేమ పీల్చుకుంటాయి, ఏళ్ళు గడిచేకొద్దీ విలువ పెరిగిపోతుంది. 1,000 ఓములని చెప్పే రంగు పట్టీలున్న ఒకదాన్ని కొలిస్తే 1,160 వచ్చింది. ఉన్నవి పదకొండే. ఇవి ఇప్పుడు మామూలు షాపుల్లో దొరకడం కష్టం. "చూడ్డానికే, ఇవ్వడానికి కాదు" అని మళ్ళీ డబ్బాలో వేసేసుకున్నారు.

ఆన్‌లైన్‌లో ఇంకో రకం కనిపించింది. రెండు చెవులున్న లోహపు పలక మీద చిన్న తెల్ల బిళ్ళ, 50 ఓములు, 250 వాట్లు. ఒక్కటి కొంటే చాలు, ఇరవై కొననక్కర్లేదు. కానీ ఆ 250 వాట్లు అనేది దాన్ని పెద్ద హీట్‌సింక్‌కి బిగించి, కింద థర్మల్ పేస్ట్ రాసి, పలకని చల్లగా ఉంచగలిగితేనే. ఊరికే బల్ల మీద పెట్టి కీ నొక్కితే క్షణాల్లో మాడిపోతుంది. ఇంకో విషయం సార్ గట్టిగా చెప్పారు. ఈ రకం వాటిలో కొన్నింటికి లోపలి పింగాణీ బెరీలియం ఆక్సైడ్‌తో చేస్తారు. బిగించి వాడుకున్నంత కాలం ఏమీ కాదు గానీ విరిగి, ఆకురాయి తగిలి పొడి లేస్తే ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం. "నువ్వు దేన్నైనా సుత్తితో కొట్టే రకానివి" అన్నారు. కొట్టమని చెప్పింది ఆయనే!

చివరికి తేలింది మెటల్ ఆక్సైడ్ ఫిల్మ్ రెసిస్టర్లు. ఒక్కటి కాదు, చాలా వాటిని పక్కపక్కన ప్యారలల్‌గా కలపాలి. ఇక్కడ నాకొక సందేహం వచ్చింది. ఫిల్మ్ రెసిస్టర్‌లో కూడా పింగాణీ కడ్డీ మీద పూత పూసి, విలువ పెంచడానికి మరమేకులాగా చుట్టూ గాడి కోస్తారు. అదీ కాయిలే కదా? కాయిలే, కానీ చాలా చిన్నది. కాళ్ళ పొడవుతో వచ్చే ఇండక్టెన్స్ మిల్లీమీటరుకు సుమారు ఒక నానోహెన్రీ. ఉదారంగా అంతా కలిపి 100 నానోహెన్రీలు అనుకుందాం. 30 మెగాహెర్ట్జ్ దగ్గర దాని అడ్డం దాదాపు 19 ఓములు. 50 ఓముల రెసిస్టర్ ఒక్కటే పెడితే ఈ 19 చాలా ఎక్కువ. అదే 1,000 ఓముల రెసిస్టర్‌లో 19 అంటే పప్పులో ఉప్పు రవ్వ. అలాంటివి ఇరవై ప్యారలల్‌లో కలిపితే రెసిస్టెన్స్ 50 అవుతుంది, ఆ కాయిల్ కూడా ఇరవయ్యో వంతుకి పడిపోతుంది. వేడి కూడా ఇరవై మందికి పంచినట్టవుతుంది. ఒక్కోటి 2 వాట్లైతే మొత్తం 40 వాట్లు. నా సెట్టు ఇచ్చేది 10.

అలాగైతే ఇంకా ఎక్కువ విలువవి, ఇంకా ఎక్కువ పెడితే? పావు వాటు 10,000 ఓముల కార్బన్ ఫిల్మ్ రెసిస్టర్లు 200 కలిపినా 50 ఓములే వస్తాయి, 50 వాట్లు తట్టుకుంటాయి, వంద ముక్కల కట్ట చవకగా వచ్చేస్తుంది. అది కూడా లెక్కేశా. ఒక్కో రెసిస్టర్ రెండు కొనల మధ్య పావు పికోఫారడ్‌కి అటూ ఇటూగా కెపాసిటెన్స్ (చిన్న కెపాసిటర్ పెట్టినట్టు ఉండే గుణం) ఉంటుంది. ప్యారలల్‌లో కాయిల్ తగ్గుతుంది గానీ ఇది కూడుకుంటూ పోతుంది. 200 వాటికి 50, 60 పికోఫారడ్లు. 28 మెగాహెర్ట్జ్ దగ్గర అది మన 50 ఓములకు పక్కనే వంద ఓముల దొడ్డిదారి తెరిచినట్టు. 400 టంకాలు వేసి మరీ చెడగొట్టుకోవడం. కనుక ఇటు మరీ తక్కువా కాకూడదు, అటు మరీ ఎక్కువా కాకూడదు. 1,000 ఓములు ఇరవై అనే మాట అందరి నోటా ఎందుకు వినిపిస్తుందో అప్పుడు అర్థమైంది. 1,200వి 24 అయినా, 1,500వి 30 అయినా సరిగ్గా 50 వస్తాయి. కానీ 1,000 ఏ షాపులోనైనా ఉంటుంది.

శనివారం పొద్దున్నే బస్సెక్కి హైదరాబాద్ బస్టాండు ఎంజీబీఎస్‌లో దిగి కోఠి వెళ్ళా. గుజరాతీ గల్లీలో నడుస్తుంటే రెండు వైపులా స్పీకర్లు, వైర్ల చుట్టలు, ట్రాన్స్‌ఫార్మర్లు. ఆ గల్లీకి వెళ్ళి కొనాల్సిందొక్కటే కొనుక్కొచ్చిన హ్యామ్‌ని నేనింకా చూడలేదు. జేబులో సార్ ఇచ్చిన రెండు వస్తువులున్నాయి, ఒక చిన్న అయస్కాంతం, నమూనాకి అసలైన 2 వాట్ల రెసిస్టర్ ఒకటి.

మొదటి షాపులో "వన్ కే, టూ వాట్, ఎంవోఎఫ్" (1,000 ఓముల, 2 వాట్ల మెటల్ ఆక్సైడ్ ఫిల్మ్) అంటే డబ్బా లాగి ఓ గుప్పెడు గల్లా మీద పోశాడు. బూడిదరంగు, పట్టీలు సరిగ్గానే ఉన్నాయి. జేబులోది పక్కన పెట్టి చూశా. నాది దాదాపు 15 మిల్లీమీటర్ల పొడవు, అతనిది 10 కూడా లేదు. "భయ్యా, ఇది ఒక వాటు సైజు కదా" అంటే, "ఇప్పుడు టూ వాట్ అంతా ఇదే సైజ్ అన్నా" అన్నాడు. అతని మాట పూర్తిగా తప్పు కాదు, చిన్న సైజులో 2 వాట్లవి కూడా తయారవుతాయి. అయినా అంతే వేడి చిన్న ఒంట్లోంచి పోవాలంటే ఒళ్ళు ఇంకా ఎక్కువ కాలుతుంది. పైగా అవి నిజంగా ఆ రకమో, ఒక వాటువే రెండని అంటగడుతున్నాడో గల్లా దగ్గర నిలబడి తేల్చే దారి లేదు. రంగుని బట్టి కూడా ఏమీ నమ్మకూడదు. ఆక్సైడ్‌వి బూడిదరంగు, మెటల్ ఫిల్మ్‌వి నీలం, కార్బన్ ఫిల్మ్‌వి లేత గోధుమరంగు అని అలవాటుగా చెబుతారు గానీ చట్టమేమీ లేదు.

మూడో షాపులో సరైన సైజువి దొరికాయి. అయస్కాంతం బయటికి తీస్తే షాపతను వింతగా చూశాడు. చవక రెసిస్టర్లకు కాళ్ళు రాగివి కాకుండా రాగి పూసిన ఇనుపవి ఉంటాయి. అయస్కాంతాన్ని ఒంటికి పెడితే ఎలాగూ అంటుకుంటుంది, ఎందుకంటే రెండు కొనలకు ఉండే టోపీలు ఇనుపవే. కాలి చివర పెట్టి చూడాలి. ఇవి అంటుకోలేదు. నిజం చెప్పాలంటే మనం వాడే ఫ్రీక్వెన్సీల్లో, అంత పొట్టి కాళ్ళతో పెద్ద తేడా ఏమీ రాదనే నా నమ్మకం. సార్ చెప్పారు కాబట్టి చూశా. పాతికే కావాలంటే అతను ముఖం చిట్లించాడు. ఒక్కోటి మూడు రూపాయల చొప్పున 50 తీసుకుంటే గానీ చేత్తో లెక్కపెట్టనన్నాడు. తీసుకున్నా.

అక్కడే ఇంకో షాపులో ఎస్‌ఓ239 సాకెట్ (కేబుల్ తగిలించేది), రాగి పూత ఉన్న బోర్డు ముక్క, ఒక 1ఎన్4148 డయోడు. అనుకోకుండా ఇంకో నాలుగు వందల సామాను. దాని సంగతి ఇక్కడ వద్దు.

ఇంటికొచ్చి యాభై రెసిస్టర్లనీ కొలిచా. 978 నుంచి 1,013 దాకా ఉన్నాయి. 5 శాతం రకం కాబట్టి మంచివే వచ్చినట్టు. మొదట్లో ఏరి కూర్చి సరిగ్గా 50.0 తెప్పించాలని కూర్చున్నా. గంట గడిచాక అర్థమైంది, ఇరవై కలిపితే ఎక్కువలూ తక్కువలూ వాటంతట అవే సర్దుకుంటాయి. పోనీ 52 వచ్చిందనుకున్నా ఎస్‌డబ్ల్యూఆర్ 1.04. నా మీటర్ ముల్లు లావే అంతకంటే ఎక్కువ.

బోర్డుని రెండు గుండ్రటి బిళ్ళలుగా కోయడానికి హ్యాక్సా బ్లేడు, ఆకురాయి, ఓ మధ్యాహ్నం పట్టాయి. మా అన్న కూతురి జామెట్రీ బాక్సులోంచి కోణమాపకం తెచ్చి 18 డిగ్రీలకొక గుర్తు పెట్టి ఇరవై రంధ్రాలు వేశా. రెండు బిళ్ళల మధ్య రెసిస్టర్లు మండపం స్తంభాల్లా నిలబడతాయి. పై బిళ్ళ సాకెట్ ఒంటికి, కింది బిళ్ళ సాకెట్ మధ్య పిన్నుకి. ఆ పిన్ను నుంచి లావుపాటి రాగి తీగ స్తంభాల నడిమధ్య నుంచి కిందికి దిగుతుంది. ఇలా గుండ్రంగా పెట్టడం అందం కోసం కాదు. కరెంటు మధ్యలో దిగి చుట్టూ ఉన్న ఇరవై దారుల్లో సమానంగా పైకొస్తుంది, అంటే కోయాక్సియల్ కేబుల్ ఆకారమే. నేను ముందు అనుకున్నట్టు నిచ్చెన మెట్లలా వరసగా అతికిస్తే మొదటి రెసిస్టర్‌కీ ఇరవయ్యో దానికీ మధ్య పొడవాటి తీగ మిగిలేది.

నా 25 వాట్ల సాల్డరింగ్ ఐరన్ ఆ రాగి బిళ్ళ ముందు చేతులెత్తేసింది. వేడిని బిళ్ళంతా లాగేసుకుంటుంటే టంకం ముద్దలా నిలబడింది. మొదటి ఆరు వేసి చూస్తే ఆరూ మసగ్గా, వేలితో కదిపితే ఊగుతున్నాయి. సిమెంట్ రెసిస్టర్ అమ్మిన టీవీ షాపుకే వెళ్ళి 60 వాట్ల ఐరన్ అరువు తెచ్చా. ఆ రెసిస్టర్ ఏమైందని అతనడిగాడు. పగలగొట్టానని చెప్పలేకపోయా. అన్నీ అతికాక మీటర్ పెడితే 49.8.

ఇప్పుడు డబ్బా. లోహపు డబ్బాలో పెట్టకపోతే ఈ స్తంభాల మండపం కూడా కాస్త ఏరియల్‌లా పనిచేస్తుంది. వంటింట్లో ఖాళీ అయిన లీటరు నెయ్యి డబ్బా అడిగి తీసుకున్నా, వేడినీళ్ళూ సబ్బూ వేసి తోమా. సాకెట్‌ని మూతకి బిగించి రెసిస్టర్లు లోపలికి వేలాడేలా చేశా. ఈ ఆలోచన నాది కాదు. అమెరికాలో హీత్‌కిట్ కంపెనీ క్యాంటెనా అని గ్యాలన్ పెయింట్ డబ్బా లాంటిదానిలో రెసిస్టర్ వేలాడదీసి, ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో ముంచి కిలోవాటు తట్టుకునే డమ్మీ లోడ్ అమ్మేది. నూనె ఎంత పని చేస్తుందంటే, 50 వాట్లు ఒక నిమిషం అంటే 3,000 జౌళ్ళు. ఆ మొత్తం వేడికి లీటరు మినరల్ ఆయిల్ రెండు డిగ్రీలు వేడెక్కుతుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి తీసిన నూనె జోలికి మాత్రం పోకూడదు, వెనకటి కాలం వాటిలో పీసీబీలనే విషపు రసాయనాలు ఉండేవి. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ శుభ్రమైన మినరల్ ఆయిలే. అడిగి చూశా కూడా. లీటరు కావాలంటే మందుల షాపాయన నా వైపు జాలిగా చూసి, "ఎన్ని రోజుల నుంచి?" అన్నాడు. అది మలబద్ధకానికి తాగే మందు కూడానని అప్పుడు గుర్తొచ్చింది. నా 10 వాట్లకు నూనె అక్కర్లేదులే అని వచ్చేశా. ఒక్కో రెసిస్టర్ మీద పడేది అర వాటు, తట్టుకునేదాంట్లో పావు వంతు. డబ్బాకి కింద, పక్కల మేకుతో రంధ్రాలు కొట్టా, గాలి ఆడాలి కదా. ఇరుకులో ఒకదాని వేడి ఇంకోదానికి తగులుతుంది కనుక 40 వాట్లని లెక్క తేలినా సగమే నమ్మాలని నిర్ణయించుకున్నా.

మొదటి పరీక్ష రాత్రి తొమ్మిదింటికి. కీ ఒక నిమిషం నొక్కి, ఒక నిమిషం వదిలి, అలా పదిసార్లు. ముల్లు అసలు కదల్లేదు, ఒకటి మీద అంటుకున్నట్టే ఉంది. ఆరోసారి అనుకుంటా, వాసన మొదలైంది. రెసిస్టర్ కాలుతున్న వాసన కాదు, కమ్మగా ఉంది. ఏమిటో పోల్చుకునే లోపే అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి, "నెయ్యి కాగబెడుతున్నవా ఏందిరా గదిలో?" అంది. డబ్బా అతుకుల్లో మిగిలిపోయిన నెయ్యి. మూత తీసి రెసిస్టర్లని ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి, వేలు పెట్టి ఉంచగలిగేంత.

సెట్టు బాగానే ఉందన్న మాట. అసలు అనుమానం తీరింది కనుక ఇక అసలు పవర్ ఎంతో చూడాలి. కింది బిళ్ళకి డయోడు, దాని వెనక చిన్న కెపాసిటర్, దాని మీద మల్టీమీటర్. వచ్చిన వోల్టేజీకి డయోడు తినే 0.7 కలిపి, దానితో దాన్నే గుణించి, వందతో భాగిస్తే వాట్లు. 7 మెగాహెర్ట్జ్ దగ్గర 29.3 వోల్టులు, అంటే 9 వాట్లు. పర్వాలేదు. 14 దగ్గర 21.7, అంటే 5 వాట్లు. 28 దగ్గర 13.4 వోల్టులు, రెండే వాట్లు. ఈ సెట్టు పై బ్యాండ్లలో నీరసపడుతుందని తర్వాత తెలిసింది గానీ, ఆ రాత్రి మాత్రం మళ్ళీ డబ్బాదే తప్పేమో అనిపించింది. ఒకసారి కాలిన నాలుక. ఈ డయోడు పద్ధతికి ఒక హద్దుంది. డయోడు మీద వెనకవైపు పడే వోల్టేజీ శిఖరానికి రెట్టింపు. 25 వాట్ల దగ్గర అది 100 వోల్టులు, 1ఎన్4148 తట్టుకునేదే అంత. ఆపైన పవర్‌కి డయోడుని మొత్తం లోడ్ మీద కాకుండా దానిలో ఒక వంతు మీద పెట్టాలి.

డబ్బా మీద అనుమానం తీర్చుకోవడానికి హైదరాబాద్‌లో ఉన్న మిత్రుడి దగ్గర్నుంచి నానోవీఎన్‌ఏ తెప్పించా. అరచేతిలో పట్టే పరికరం, ఏ ఫ్రీక్వెన్సీలో ఎస్‌డబ్ల్యూఆర్ ఎంతో గీత గీసి చూపిస్తుంది. 7 దగ్గర 1.02, 14 దగ్గర 1.04, 28 దగ్గర 1.09. మల్టీమీటర్‌లో 49.8 చూసినప్పటికంటే ఆ గీత పడుకుని ఉండటం చూసినప్పుడే గుండె నిబ్బరపడింది. సార్‌కి ఫోటో పంపితే బొటనవేలు ఒక్కటి పంపారు.

ఊరుకోవచ్చు కదా. ఇంకా పైకి తిప్పా, 145 మెగాహెర్ట్జ్ దాకా, వీహెచ్‌ఎఫ్ అనే పై బ్యాండ్ అది. చేతిలో పట్టుకునే వీహెచ్‌ఎఫ్ సెట్టు కూడా ఇదే డబ్బాకి తగిలించొచ్చేమోనని ఆశ. అక్కడ 1.8. ఇరవై రెసిస్టర్ల కెపాసిటెన్స్ కలిసి 10 పికోఫారడ్లు అనుకుంటే, 30 మెగాహెర్ట్జ్ దగ్గర దాని అడ్డం 530 ఓములు, ఎవరికీ పట్టదు. 145 దగ్గర 110 ఓములే. నేను సిమెంట్ రెసిస్టర్‌తో చేసిన తప్పే ఇది కూడా, ఈసారి కాయిల్ బదులు కెపాసిటర్, ఈసారి కొంచెం పై మెట్టు మీద. వీహెచ్‌ఎఫ్‌కి వేరే చిన్నది కట్టుకోవాలి, మిగిలిన 30 రెసిస్టర్లు దానికి పనికిరావు.

మూత మీద మార్కర్‌తో రాశా, 30 మెగాహెర్ట్జ్ వరకే, 20 వాట్ల వరకే. రెండుసార్లు వంటింటి అలమారలోకి వెళ్ళొచ్చాక దాని కింద ఇంకో ముక్క కూడా రాయాల్సొచ్చింది, నెయ్యి లేదు అని.